చీఫ్ గారు చూపించిన సులేమానియే

మొన్న బందరు నుంచి ఫోన్ వచ్చింది. "అంకుల్, నాన్నగారు పోయారు" అన్నాడు అవతలి అబ్బాయి. ఎవరి నాన్నగారో అడగక్కర్లేకపోయింది, గొంతు అచ్చం తండ్రిదే. నేను ఓడ ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు చీఫ్ ఇంజనీరుగా ఉన్నాయన. ఎనభై దాటాయి, కొంతకాలంగా మంచం మీదే ఉన్నారు, ఊహించని కబురేమీ కాదు. అయినా ఆ రోజంతా ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. "ఆయనతో తిరిగిన ఊళ్ల గురించి ఎప్పుడూ చెబుతూనే ఉంటారు, రాయొచ్చు కదా" అంది మా ఆవిడ. ఊళ్లు చాలానే ఉన్నాయి గానీ, ఆయన్ని తలుచుకోగానే నాకు కళ్లముందుకొచ్చేది ఇస్తాంబుల్‌లో కొండమీదున్న సులేమానియే మసీదు. ఆ కట్టడాన్ని ఎలా చూడాలో నాకు చెప్పింది ఆయనే. ఆ మాటకొస్తే ఏ కట్టడాన్నయినా.

చీఫ్ గారిది బందరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న టార్చి ఉండేది, చేతిలో కాటన్ వేస్టు ముద్ద. నడుస్తున్న యంత్రం పక్కన ఏ గేజీ చూడకుండా అరచేతి వెనక్కి తిప్పి బేరింగు మీద ఆనించి, "ఇది వేడెక్కుతోందోయ్, చూడు" అనేవారు. చూస్తే నిజమే అయ్యేది. మాది విశాఖ అని తెలిసిన రోజునుంచీ నాతో ఇంగ్లీషు మానేశారు. మిగతా వాళ్లకి నేను "ఫిఫ్త్", అంటే ఐదో ఇంజనీరు, ఆయనకి మాత్రం "ఏమోయ్ అబ్బాయ్".

అప్పట్లో మా ఓడ నల్లసముద్రం రేవుల్లో ఎరువు ఎక్కించుకుని విశాఖకో, కాకినాడకో వచ్చేది. అంటే పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి బోస్ఫరస్ జలసంధి దాటాలి, ఇస్తాంబుల్ నడిమధ్యనుంచే దారి. డెక్ మీదున్న వాళ్లంతా రెయిలింగ్ పట్టుకుని గుమ్మటాలూ మీనార్లూ రాజభవనాలూ చూసేవాళ్లు, కెమెరాలున్నవాళ్లు ఫోటోలు తీసుకునేవాళ్లు. ఇంజనీర్లం మేము కింద. ఇరుకు దారిలో వెళ్తున్నంతసేపూ ఇంజన్ రూమ్ స్టాండ్‌బైలో ఉండాలి, పైనుంచి టెలిగ్రాఫ్ గంట మోగగానే స్పీడు తగ్గించాలి, పెంచాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే ఓడ ఒడ్డునున్న ఇళ్లమీదికి పోతుంది. ఆ టెన్షన్‌లో, ఆ చప్పుడులో, పైన రెండున్నర వేల ఏళ్లు దాటిన ఊరు దాటిపోతుంటే నాకు కనబడేది ఇంజన్‌ని చల్లబరిచే జాకెట్ నీళ్ల టెంపరేచర్ ముల్లు. స్టాండ్‌బై అయిపోయి పైకొచ్చేసరికి చుట్టూ మళ్లీ ఉత్త సముద్రమే. అలా ఇస్తాంబుల్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లినా ఇస్తాంబుల్ చూడలేదు నేను.

ఒక చలికాలంలో ఓడని తుజ్లాలో డ్రైడాక్‌కి ఎక్కించారు. ఇస్తాంబుల్‌కి తూర్పున, ఆసియా వైపు తీరంలో ఓడల మరమ్మతు యార్డులన్నీ అక్కడే. డ్రైడాక్ అంటే ఓడని నీళ్లలోంచి తీసి బాగుచేసే చోటు, పగలంతా గ్రైండింగ్ మోత, రాత్రంతా ఇసుకతో తుప్పు గీకే మోత, ఓడలో నీళ్లుండవు, సరైన వేడి ఉండదు, ఒంటి మీద గ్రీజు పోదు. ఒక గురువారం సాయంత్రం చీఫ్ గారు నా కేబిన్ తలుపు తట్టి, "రేపు జుమ్మా. నేను ఊళ్లోకెళ్తున్నా. వస్తావా?" అన్నారు. చీఫ్ అంతటివాడు పిలవడమే గొప్ప.

*

ఆ ప్రయాణమే ఒక పండగలా ఉండేది. యార్డు దగ్గర సబర్బన్ రైలెక్కితే హైదర్‌పాషా స్టేషన్‌లో దింపేది. స్టేషన్ మెట్లు నేరుగా సముద్రంలోకి దిగుతున్నట్టుంటాయి, మెట్లు దిగగానే ఫెర్రీ రేవు. టికెట్ అంటే కాగితం కాదు, జెతోన్ అని ఒక లోహపు బిళ్ల, గేటులో వేస్తే టప్పున తెరుచుకునేది. టెలిఫోన్‌కీ బిళ్లలే, గాడి పడినవి. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే పోస్టాఫీసుకెళ్లి వరసలో నిలబడాలి. డబ్బులేమో లక్షల్లో, టీ తాగినా నోట్ల మీద సున్నాలు లెక్కపెట్టుకోవాల్సిందే. 2005లో ఆరు సున్నాలు కొట్టేశారు, ఇప్పటి పిల్లలకి ఆ నోట్లు చూపిస్తే నమ్మరు.

ఫెర్రీలో లోపల చెక్క బల్లలు, కిటికీలకి ఆవిరి. ఒకతను వేలాడే పళ్లెంలో చిన్న చిన్న గాజు గ్లాసుల్లో టీ పట్టుకుని, ఓడ ఊగినా ఒక్క చుక్క ఒలకకుండా బల్లల మధ్య తిరిగేవాడు. వెనక సీగల్ పక్షులు కేకలేస్తూ వెంటపడేవి, జనం నువ్వుల సిమిత్ రొట్టె తుంచి గాల్లోకి విసిరితే ఎగురుతూనే అందుకునేవి. గాలిలో బొగ్గు పొగ వాసన, ఆ రోజుల్లో ఇళ్లలో చలికి బొగ్గే కాల్చేవాళ్లు, సాయంత్రమైతే ఊరంతా ఆ పొగే.

చీఫ్ గారు లోపల కూర్చోనిచ్చేవారు కాదు. చలిలో ముందు డెక్ మీద నిలబెట్టేవారు. "అదిగో, అటు ఎడమ పక్క పెద్దది అయా సోఫియా. క్రీస్తుశకం 537. చర్చిగా కట్టారు. వందల ఏళ్లపాటు అంత గుమ్మటం ఇంకొకటి కట్టలేకపోయింది లోకం. ఇప్పుడు కుడికి చూడు, కొండ మీద." చూశాను. ఊరి ఇళ్లన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి ఎక్కి పైకి పోతూ ఉంటే, వాటన్నిటి మీదా కూర్చుని ఒక పెద్ద బూడిదరంగు గుమ్మటం, దాని చుట్టూ మెట్లు దిగినట్టు చిన్న గుమ్మటాలు, నాలుగు మీనార్లు. గలతా వంతెన దగ్గరికి ఫెర్రీ తిరిగేటప్పుడు అది కూడా తిరుగుతున్నట్టుంటుంది. "స్టాండ్‌బైలో మన నెత్తిమీంచి పోయింది ఇదే" అన్నారు ఆయన.

ఎమినోను రేవులో దిగి, ఉజున్‌చార్షీ అనే ఎత్తు వీధి ఎక్కేవాళ్లం. పేరుకి తగ్గట్టే పొడుగాటి బజారు. వీపున తోలు దిండు కట్టుకుని దాని మీద మనిషికి మించిన మూటలు మోసే హమాలీలు వంగిపోయి ఎదురొచ్చేవాళ్లు, "దారి దారి" అన్నట్టు ఏదో అరుస్తూ. చెక్క చెంచాలు, జల్లెడలు, తాళ్లు, రాగి గిన్నెలు. మసీదు కింది వాలులో పోతపని కొట్లు ఉండేవి, ఇసుక అచ్చుల్లో ఇత్తడి పోసేవాళ్లు. చీఫ్ గారు ప్రతిసారీ ఒక కొట్టు ముందు ఆగిపోయేవారు. ఒకసారి పంపు బుష్ ఒకటి జేబులోంచి తీసి చూపిస్తే, ఆ కొట్టు ముసలాయన దాన్ని వేళ్లతో తిప్పి తిప్పి చూసి, గోరుతో గీకి, తల అడ్డంగా ఊపాడు. ఆ లోహం బాగాలేదని అర్థం. ఇద్దరికీ ఒక్క భాష రాదు, అరగంట మాట్లాడుకున్నారు.

*

సులేమానియే గురించి పుస్తకాల్లో ఉన్నది ముందే చెప్పేస్తాను. ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ కట్టించాడు, 1550లో మొదలై 1557లో పూర్తయింది. కట్టినాయన సినాన్, సుల్తాన్‌కి ప్రధాన వాస్తుశిల్పి. 1539 నుంచి 1588లో చనిపోయేదాకా, దాదాపు యాభై ఏళ్లు ఆ పదవిలో ఉండి మూడు వందలకు పైగా కట్టడాలు లేపాడు. పుట్టింది కైసేరి దగ్గర పల్లెలో, క్రైస్తవ కుటుంబంలో. కుర్రాడిగా ఉన్నప్పుడు సైన్యానికి పట్టుకుపోయారు. సైన్యంలో వంతెనలూ పడవలూ కట్టి కట్టి పైకొచ్చినవాడు. మా చీఫ్ గారికి ఆయనంటే అంత గౌరవం ఎందుకో ఇందులోనే ఉంది, చదివి కాదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాడని.

మొదటిసారి ముందు ఆవరణలోకి వెళ్లగానే చీఫ్ గారు మీనార్ల బాల్కనీలు లెక్కపెట్టమన్నారు. మసీదుకి ఆనుకున్న రెండు మీనార్లు పొడుగు, ఒక్కోదానికి మూడు. ఆవరణకి అటు చివరున్న రెండూ పొట్టి, ఒక్కోదానికి రెండు. మొత్తం పది. మీనార్లు నాలుగు. ఇస్తాంబుల్ గెలుచుకున్నాక నాలుగో సుల్తాన్, వంశంలో పదో సుల్తాన్ సులేమాన్, అందుకని అలా కట్టారని అక్కడ అందరూ చెబుతారు.

ఆ తర్వాత ఆయన చూపించింది ఏ గైడూ చూపించడు. ఆవరణ చుట్టూ వరండా, పాత రాతి స్తంభాలు, వాటి మీద ఎరుపూ తెలుపూ రాళ్లు మార్చి మార్చి పేర్చిన కమాన్లు. ఒక్కో స్తంభం నెత్తినుంచి పక్క స్తంభానికి అడ్డంగా ఇనుప కడ్డీ ఉంది. "ఏమిటవి?" అని అడిగారు. దీపాలు వేలాడదీయడానికేమో అన్నాను. "దీపాలకి అంత లావు కడ్డీ ఎందుకోయ్? టై రాడ్లు. మన మెయిన్ ఇంజన్‌కి ఉన్నాయే, అవే. కమాను కాళ్లు బయటికి జారాలని చూస్తుంది ఎప్పుడూ, పట్టి లాగి ఉంచాలి." టై రాడ్ బిగింపు సరిచూడ్డం అప్పటికి నేను చేసే పనుల్లో ఒకటి. అదే పని ఒక రాతి కట్టడంలో, నాలుగు వందల ఏళ్లకి పైగా, ఎవరూ స్పానర్ పెట్టకుండా జరుగుతోందని తెలిసినప్పుడు కలిగిన ఆనందం నాకిప్పటికీ బాగా గుర్తు.

ఇంకోచోట మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశారు. రెండు రాళ్ల అతుకు దగ్గర, పై అంచు కొంచెం విరిగిన చోట, ఇనుప కొక్కెం కొస కనిపిస్తోంది, దాని చుట్టూ మెత్తటి బూడిదరంగు. ఆయన బొటనవేలి గోరుతో నొక్కితే చిన్న గాటు పడింది. సీసం. రాళ్లని ఇనుప కొక్కేలతో కలిపి, ఆ గుంటలో కరిగించిన సీసం పోశారు. ఇనుము తడి తగిలి తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే రాయి పగులుతుంది. సీసం తడిని ఆపుతుంది, పైగా భూమి కదిలినప్పుడు రాయి కాస్త సర్దుకోడానికి చోటిస్తుంది. పైన గుమ్మటానికి కప్పినది కూడా సీసం రేకే, దూరంనుంచి కనిపించే ఆ బూడిదరంగు దానిదే. సున్నంలో ఇటుకపొడి కలిపిన గచ్చు వాడారు. మన పాత మేస్త్రీలు సుర్కీ అనేది అదే.

నమాజు వేళయ్యేసరికి ఆయన గోడపక్క కుళాయిల దగ్గర వజూకి, అంటే కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోడానికి వెళ్లారు. ఆ చలికి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి, ముసలివాళ్లంతా కోట్లు విప్పి చేతులు మోచేతులదాకా మడుచుకుని మెల్లగా కడుక్కుంటున్నారు. నేను ఆవరణలో కూర్చున్నాను. అజాన్ మొదలైంది, ఇక్కడ మొదలైన కాసేపటికి కింద రేవు దగ్గరది అందుకుంది, తర్వాత నీటికి అవతల గలతా వైపువి. అన్నీ ఒకేసారి కాదు, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి. మధ్యలో ఫెర్రీ కూతలు. ఆ తర్వాత లోపలినుంచి ఇమాం గొంతు, మైకులోంచి కాకుండా తలుపు సందులోంచి, గుండ్రంగా వచ్చేది.

*

జనం వెళ్లిపోయాక నన్ను లోపలికి పిలిచారు. గుమ్మానికి బరువైన తోలు తెర, మెత్త కుట్టి పరుపులా ఉంటుంది. దాన్ని పక్కకి తోసి దూరాలి. చెప్పులు విప్పి తివాచీ మీద అడుగుపెట్టగానే తడి ఉన్ని మేజోళ్ల వాసన, చల్లటి రాతి వాసన. తలెత్తితే... నేను అప్పటికి ఓడలో సరుకు నింపే హోల్డుల్లో దిగినవాణ్ని, ఖాళీ హోల్డు అడుగున నిలబడి పైకి చూస్తే ఎంత ఎత్తో తెలిసినవాణ్ని. ఇది వేరు. అడ్డం దాదాపు 26 మీటర్లు, నేలనుంచి నడినెత్తికి 53 మీటర్లు, కానీ ఆ ఎత్తు భయపెట్టదు. దీపాల చట్రాలు మనిషి తలకి కొంచెం పైనే వేలాడుతుంటాయి, ఆ సన్నటి గొలుసులు మాత్రం పైకి పోయి పోయి కనబడకుండా పోతాయి. కింద మనిషికి మనిషంత చోటు, పైన ఆకాశమంత చోటు.

"ఇప్పుడు చెప్పు, ఈ బరువు ఎక్కడికి పోతోంది?" అన్నారు చీఫ్ గారు. ఓరల్ పరీక్షలో అడిగినట్టే. ఆ రోజు నేను తివాచీ మీద కూర్చుని నేర్చుకున్నది ఇది. నడి గుమ్మటం నాలుగు కమాన్ల మీద కూర్చుంది, కమాన్లు నాలుగు లావు దిమ్మల మీద. గుమ్మటం అన్ని దిక్కులకీ బయటికి తోస్తుంది. ముందూ వెనకా, అంటే మక్కా దిక్కైన ఖిబ్లా వైపూ గుమ్మం వైపూ, రెండు అర గుమ్మటాలు ఆ తోపుని అందుకుని కిందికి దింపుతాయి. అయా సోఫియాలోనూ ఇదే. కానీ కుడి ఎడమల్లో అర గుమ్మటాలు లేవు, కిటికీలు నిండిన పల్చటి గోడలున్నాయి. మరి అటు తోపు ఎవరు ఆపుతున్నారు? చాలాసేపు వెతికినా దొరకలేదు నాకు. బయటికి తీసుకెళ్లి చూపించారు. పక్క గోడలకి లావాటి ఊతగోడలున్నాయి, సగం బయటికి, సగం లోపలికి వచ్చేలా. బయట వాటి మధ్య రెండంతస్తుల వరండాలు కట్టేశాడు సినాన్, లోపల వాటి మధ్య గ్యాలరీలు. చూసేవాడికి నీడనిచ్చే వరండా కనబడుతుంది, ఊతగోడ కనబడదు. ఇక దిమ్మల నెత్తిన బయట బురుజుల్లాంటి చిన్న శిఖరాలున్నాయి, అలంకారం అనుకుంటాం. అవి బరువులు. పక్కకి పోయే తోపుని నొక్కి కిందికి తిప్పడానికి పెట్టిన బరువులు.

అలంకారం అనుకున్న ప్రతిదాన్నీ ఆయన పని చేస్తున్నదిగా చూపించారు. గుమ్మటం లోపల ఖాళీ కుండలు పొదిగారు, నోరు లోపలివైపు ఉండేలా, గొంతు గింగురుమనకుండా అన్నిచోట్లకీ సరిగ్గా అందడానికి. (సినాన్ గుమ్మటం కింద కూర్చుని హుక్కా గుడగుడలాడించి శబ్దం సరిచూసుకున్నాడని ఒక కథ ఉంది. అందమైన కథే గానీ, పొగాకు ఆ దేశానికి చేరింది ఆయన పోయాకే.) దీపాల మధ్య వేలాడే నిప్పుకోడి గుడ్లు సాలీళ్లు గూడు పెట్టకుండానట.

అన్నిటికన్నా ఆయన్ని మురిపించింది మసి గది. వేల నూనెదీపాలు వెలిగే రోజుల్లో పొగ గోడల్నీ రాతల్నీ నల్లబరచకుండా, గాలి దానంతట అదే పొగని పెద్ద గుమ్మం పైనున్న ఒక గదిలోకి లాక్కుపోయేలా దారులు పెట్టాడు సినాన్. గదిలో పేరుకున్న మసిని గీకి సిరా చేసేవాళ్లు. అక్కడ ఊడ్చే ముసలాయన ఒకాయన చేతులు పైకి ఊపి, కలం పట్టినట్టు వేళ్లు ఆడించి మాకిది చెప్పాడు. చీఫ్ గారు ఆయనచేత మళ్లీ చెప్పించుకున్నారు. జీవితమంతా మసితో పోరాడిన మనిషి. ఇంజన్ పొగ వేడితో నీళ్లు కాచే ఎకనమైజర్ గొట్టాల్లో పట్టిన మసి మేము గీకి గోనెసంచులకెత్తి పారబోసేవాళ్లం, ఎన్నిరోజులు ఒళ్లు రుద్దినా గోళ్లలోంచి పోయేది కాదు. "పొగ ఎటు పోవాలో ముందే ఆలోచించాడు చూడవోయ్. మనవాళ్లు ఇంజన్ పెట్టాక ఆలోచిస్తారు" అన్నారు. తర్వాత ఓడలో ఎప్పుడు మసి తీస్తున్నా ఆ మాట అనేవారు.

ఖిబ్లా గోడ దగ్గర ఇజ్నిక్ ఊళ్లో చేసిన మెరుగు పలకలు, నీలం, ఆకుపచ్చ, మధ్యలో పగడం ఎరుపు, ఆ ఎరుపు పలక మీద కొంచెం ఉబ్బి ఉంటుంది. గోడంతా కాదు, మక్కా దిక్కు చూపే గూడు, మిహ్రాబ్ చుట్టూ మాత్రమే. మిగతాదంతా లేతరంగు రాయి. పైన రంగుగాజు కిటికీలు. ఆ గోడ ఆగ్నేయానికి ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లిన రోజు రంగులు తివాచీ మీదికి పడతాయి. పలకల్లోని తీగలు, విచ్చుకున్న పూలు చూసి చీఫ్ గారు "మా అమ్మ దుప్పటి" అన్నారు. బందరు అద్దకంలో పర్షియా పూలు గోల్కొండ సుల్తానుల కాలంనుంచీ ఉన్నాయి, ఆ దేశపు బేరగాళ్ల కోసం వేసిన అచ్చులు అలా మిగిలిపోయాయి. చిన్నప్పుడు పెడనలో అద్దకం పనివాళ్లు కాలవలో గుడ్డలు ఉతకడం చూసేవాడినని చెబుతూ ఆ గోడ ముందు చాలాసేపు కూర్చున్నారు.

*

బయటికొస్తే ఆకలి. మసీదు ఎదురుగా పాత మదరసాల గోడ వెంట వరసగా హోటళ్లు, అన్నిట్లోనూ ఒకటే వంట: తెల్ల చిక్కుడుగింజల కూర, పక్కన వెన్న వేసిన అన్నం. కురు ఫసూలియే అంటారు. డ్రైడాక్‌లో నీళ్లచారు తిని నాలుక చచ్చినవాళ్లకి ఆ వేడి అన్నం, ఎర్రటి కూర, ఉల్లిపాయ, ఊరేసిన మిరపకాయ ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. చీఫ్ గారు మిరపకాయలు రెండోసారి అడిగితే కుర్రాడు గిన్నె నిండా తెచ్చి, తింటాడా లేదా అని పక్కనే నిలబడి చూశాడు. తిన్నారు.

మసీదంటే ఒక్క గుమ్మటం కాదక్కడ. చుట్టూ మదరసాలు, ఆసుపత్రి, వైద్యవిద్య నేర్పే బడి, పిల్లల బడి, స్నానశాల, బాటసారుల సత్రం, పేదలకి అన్నం పెట్టే వంటశాల, అన్నీ ఒక ఊరులా. మదరసాల్లో కొన్ని ఇప్పుడు చేతిరాత గ్రంథాల లైబ్రరీ. హలీచ్ వైపు, అంటే ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ వైపు, కొండ వాలు ఎక్కువ, అక్కడి మదరసాలని మెట్లుమెట్లుగా దింపుకుంటూ కట్టాడు.

అటునుంచి వెఫా పేటకి నడిచి వెళ్తే 1876 నుంచీ ఉన్న బోజా కొట్టు. చిరుధాన్యాన్ని ఉడకబెట్టి, వడకట్టి, పులియబెట్టి చేసే చిక్కటి పానీయం, పైన దాల్చినచెక్క పొడి, ఎదురు కొట్లో వేయించిన శనగలు కొనుక్కుని అందులో వేసుకోవాలి. గోడకి ఇప్పటి టర్కీని స్థాపించిన అతాతుర్క్ తాగిన గ్లాసు అద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. చలికాలం రాత్రుళ్లు వీధుల్లో బోజా అమ్మేవాళ్లు తిరిగేవాళ్లు, "బోఓఓజా" అని ఒక్కటే మాట, పొడుగ్గా, దిగులుగా. చివరి రైలు కోసం పరిగెడుతూ ఆ కేక వినేవాళ్లం. చుట్టూ పాత చెక్క ఇళ్లు, రంగు వెలిసి, ఒకదాని మీదొకటి ఒరిగి. కిటికీలోంచి ఎవరో ముసలమ్మ తాడు కట్టిన బుట్ట కిందికి దింపితే కిరాణా కుర్రాడు రొట్టె పెట్టేవాడు.

వెళ్లేముందు ప్రతిసారీ ఆగేది సినాన్ సమాధి దగ్గర. సులేమాన్ సమాధి, భార్య హుర్రెమ్ సమాధి మసీదు వెనక తోటలో గుమ్మటాల కింద ఉన్నాయి, జనం అక్కడే గుమిగూడతారు. సినాన్‌ది ప్రహరీ బయట, ఉత్తరం మూలన, రెండు వీధులు కలిసే కొసలో. చిన్నది, దారినపోయేవాళ్లకి నీళ్లిచ్చే ఒక కట్టడం ముందు. వందల మసీదులు కట్టినవాడి శిలాఫలకంలో ఒక వంతెన మాట ఉంది, బుయుక్‌చెక్‌మెజే దగ్గర నీటి మీద కట్టిన వంతెన. ఆ సంగతి విన్నప్పుడు చీఫ్ గారి ముఖం వెలిగిపోయింది. జాలీలోంచి లోపలికి చెయ్యిపెట్టి రాయిని అరచేతి వెనకతో ముట్టుకున్నారు, బేరింగుని ముట్టుకున్నట్టే, ఫాతిహా చదివారు.

*

తర్వాత వేరే వేరే ఓడలకి వెళ్లిపోయాం. 1999లో ఇజ్మిత్ భూకంపం వార్త విన్నరోజు ఆయనకి ఫోన్ చేశాను. "అది నిలబడే ఉంటుందిలే" అన్నారు. నిలబడే ఉంది. 1766 భూకంపంలో గుమ్మటం కొంత కూలితే మళ్లీ కట్టుకున్నారు. అంతకుముందు 1660లో మంటల్లో కాలింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆవరణని ఆయుధాల గిడ్డంగి చేస్తే మళ్లీ నిప్పంటుకుంది. ఎన్నిసార్లు బాగుచేసుకున్నారో.

ఆ కట్టడం జమాఖర్చుల పుస్తకాలు బయటపడి అచ్చయ్యాయని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎవరు ఎన్నాళ్లు పనిచేశారు, ఎంత కూలి, అన్నీ ఉన్నాయి. మేస్త్రీల్లో, రాతిపనివాళ్లలో ముస్లింలూ క్రైస్తవులూ దాదాపు సగం సగం. ఇది చెబితే చీఫ్ గారు ఆశ్చర్యపోలేదు. "ఇంజన్ రూమ్ అన్నాక అంతేగా" అన్నారు.

రిటైరయ్యాక మా ఆవిడని తీసుకెళ్లాను. 2007 నుంచి 2010 దాకా పెద్ద మరమ్మతు జరిగింది, లోపలంతా శుభ్రంగా వెలిగిపోతోంది. కానీ హైదర్‌పాషాకి రైళ్లు లేవు, 2013లో ఆపేశారు, ఇప్పుడు రైలు సముద్రం కింద సొరంగంలో పోతుంది. హాయిగా, వేగంగా పోతుంది గానీ డెక్ మీద నిలబడి చూసేది ఏమీ లేదు. హలీచ్ మీద మెట్రో వంతెన వేశారు, దాని స్తంభాలు సులేమానియే చిత్రానికి అడ్డమొస్తాయని గొడవ జరిగి ఎత్తు తగ్గించారు. తగ్గించినా అడ్డమే. సినాన్ ఆ కొండ మీద గుమ్మటాన్ని ఎక్కడ పెడితే నీటిమీంచి ఎలా కనబడుతుందో ఆలోచించి పెట్టాడు, దాని ముందు తీగలు లాగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చెక్క ఇళ్లు చాలావరకు లేవు. పోతపని కొట్టు ఉన్నచోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. చిక్కుడుగింజల హోటళ్లు మాత్రం ఉన్నాయి. మా ఆవిడ చున్నీ తలమీదికి కప్పుకుని లోపలికొచ్చి, ఏమీ అడక్కుండా తివాచీ మీద కూర్చుండిపోయింది. టై రాడ్ల గురించి బయటికొచ్చాక చెప్పాను.

మర్నాడు బస్సులో ఎదిర్నేకి వెళ్లాం. చీఫ్ గారు ఎప్పుడూ వెళ్లాలనుకుని వెళ్లలేకపోయిన ఊరు. సినాన్ ముసలితనంలో, సులేమాన్ కొడుకు సెలిమ్ కోసం కట్టిన సెలిమియే అక్కడుంది. 1568లో మొదలుపెట్టాడు. సులేమానియే తాను ఇంకా ఉస్తాదు కాకముందు, పనివాడిగా ఉన్నప్పటిది, సెలిమియే తన ఉస్తాదు పని అని ఆయనే అన్నాడంటారు. గుమ్మటం అడ్డం 31 మీటర్ల పైనే, సులేమానియేలోలా పెద్ద అర గుమ్మటాల సాయం లేదు, ఎనిమిది స్తంభాల మీద వలయంలా కూర్చుంది. లోపలికెళ్తే ముందూ వెనకా తేడా లేకుండా ఒకటే చోటు, ఒకటే వెలుగు. నడిమధ్యన అజాన్ పిలిచే ముఅజ్జిన్ల అరుగు, దాని పాలరాతి స్తంభం మీద తలకిందులుగా చెక్కిన తులిప్ పువ్వు. మీనార్లలో రెండింటికి లోపల మూడేసి మెట్లదారులు, ఒకరికొకరు కనబడకుండా ముగ్గురు మూడు బాల్కనీలకి ఎక్కొచ్చు.

బయటికొచ్చి ఆయనకి ఫోన్ చేశాను. అప్పటికే మంచం పట్టారు, గొంతు సన్నగా ఉంది. సార్, సెలిమియే దగ్గరున్నాను అనగానే లేచి కూర్చున్నట్టు వినబడింది. "ఎనిమిది స్తంభాలూ గోడకి ఎంత దూరమోయ్? ఆనుకుని ఉన్నాయా, విడిగా ఉన్నాయా? ఊతలు ఎటు పెట్టాడు?" కొన్ని ఆనుకుని, కొన్ని విడిగా అన్నాను. "కొన్ని అంటే కాదు. ఒక్కొక్కటీ చూసి చెప్పు." మా ఆవిడని బెంచీ మీద కూర్చోబెట్టి, చెప్పులు మళ్లీ విప్పి లోపలికి వెళ్లాను. గుమ్మం పక్కనుంచి మొదలుపెట్టి ఒక్కో స్తంభం దగ్గరా ఆగి, చెయ్యి కప్పుకుని చెబుతుంటే, "ఊఁ. తర్వాతది" అంటూ ఎనిమిదీ అయ్యేదాకా నన్ను వదల్లేదు.